గడ్డపారకు చెవి ఆనించిన మనిషి

నాకు అనుమానం ఎక్కువ. ఇది నా అంతట నేను ఒప్పుకున్న మాట కాదు, మా ఇంట్లో వాళ్లు ముప్పై ఏళ్లు పోరి నాచేత ఒప్పించిన మాట. ఆటో ఎక్కితే, దారి నాకు కొట్టిన పిండే అయినా, ఏ సందులోకి తిప్పుతాడోనని ముందుకు వంగి కూర్చుంటాను. కోఠిలో చీర కొంటే మడత మొత్తం విప్పించి, వెలుతురులోకి తెచ్చి చూస్తాను. "నువ్వు చేరాల్సింది నీళ్ల డిపార్ట్‌మెంటులో కాదు, పోలీసు డిపార్ట్‌మెంటులో" అని మా ఆయన అంటూ ఉండేవారు. నేను నవ్వేసేదాన్ని. నా ఉద్యోగానికి అనుమానమే పెట్టుబడి అని నా నమ్మకం. ఆ నమ్మకం ఒక్కరోజులో ఎలా నేల మీదికి దిగిందో, ఇప్పుడు ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న మీకు చెప్పాలని ఉంది. చెప్పడానికి అంత సరదాగా ఉండే సంగతి కాదు. ఐనా చెబుతాను.

నగరానికి మంచినీళ్లిచ్చే డిపార్ట్‌మెంటులో నాది శాంపిళ్లు తీసే పని. భుజాన ఒక సంచీ, అందులో గాజు గొట్టాలు, ఒక మందు సీసా. నీళ్లు వదిలే వేళకు ఇంటింటికీ వెళ్లి, కుళాయి నీళ్లు గొట్టంలో పట్టి, రెండు చుక్కలు మందు వేయాలి. నీళ్లు పసుపు రంగుకు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు, తాగొచ్చు. రంగు తిరగకపోతే దారిలో ఎక్కడో ఏదో కలిసినట్టు. చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడలో కొంత భాగం నా కింద ఉండేవి. రిటైరయ్యే దాకా ఆ సందుల్లోనే తిరిగాను.

అన్నేళ్లూ నేనూ కొత్తమనిషినే. గుమ్మం ముందు నిలబడితే చాలు, లోపలి నుంచి "ఎవరూ?" అని వినిపించేది. మెడలో కార్డు చూపించినా గ్రిల్లు తాళం తీసేవాళ్లు కాదు. ఒకావిడ నా గొట్టం గ్రిల్లు సందులోంచి తీసుకుని, లోపల నీళ్లు పట్టి, మళ్లీ ఆ సందులోంచే ఇచ్చింది. ఆ నీళ్లు కుళాయివో బిందెలోవో ఆవిడకీ ఆ దేవుడికే తెలియాలి. నాకు ఒళ్లు మండేది. ఇంటికొచ్చి, "మనుషుల్ని చూసి ఇంత భయమేంటండీ ఈ జనానికి" అని మా ఆయన మీద విరుచుకుపడేదాన్ని. ఆ భయం నాలోనూ నిండుగా ఉందని మాత్రం తట్టేది కాదు.

రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లు ఉందనగా, అశోక్‌నగర్‌లో ఒక సందు నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. ఆ సందు ఎలాంటిదో ఆ చుట్టుపక్కల తిరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కింద జిరాక్సు షాపు, పైన కోచింగ్ సెంటరు, దాని పైన హాస్టలు. గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలు జిల్లాల నుంచి వచ్చి, ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుని ఉంటారు. ఆ సందులోని ఒక ఆడపిల్లల హాస్టల్లో నలుగురికి పచ్చకామెర్లు వచ్చాయి. పరీక్ష చూస్తే నెల రోజుల్లో ఉంది.

మా దగ్గర రోజు విడిచి రోజు, పొద్దున ఆరింటికి నీళ్లు వదులుతారు. ఆ సందులో మొదటి పావుగంట నల్లగా, మురుగు వాసనతో వచ్చేవి. తర్వాత తేటగా వచ్చేవి. తేటగా ఉన్నాయి కదా అని జనం పట్టుకుని తాగేవాళ్లు. నా గొట్టంలో ఆ తేట నీళ్లు కూడా రంగు తిరిగేవి కావు. కాచుకుని తాగమని చీటీలు పంచాం. రోజుకొక ట్యాంకరు పంపాం. అది ఆ సందుకు ఏ మూలకు సరిపోతుంది? మురుగు ఎక్కడ కలుస్తోందో దొరికేదాకా ఆ హాస్టల్లో మిగిలిన పిల్లలకు భద్రత లేదు, నాకు నిద్ర లేదు.

నాతో ఉన్న లైన్‌మన్ వాల్వులు తిప్పి నీళ్లు వదిలే మనిషి. నాకంటే ఒక ఏడాది ముందు చేరాడు, అందుకని నేను ఆయన్ని అన్నా అనేదాన్ని, ఆయన నన్ను మేడం అనేవాడు. తిట్టకుండా మాట పూర్తి చేయలేడు గానీ పనిమంతుడు. వాల్వు తిప్పే పొడుగు ఇనప తాళం నేల మీద నిలబెట్టి, దాని పై కొసకు చెవి ఆనించి, కింద నీళ్లు ఎటు పోతున్నాయో చెప్పేవాడు. మా పైన ఒక ఇంజనీరు గారు, కుర్రవాడు. మంచివాడే కానీ ఎప్పుడు అడిగినా మీటింగులో ఉండేవాడు.

మురుగు కలవడానికి మూడింట రెండు సార్లు కారణం దొంగ కనెక్షనే. ఎవడో ప్రైవేటు మేస్త్రీని పట్టుకొచ్చి, రోడ్డు తవ్వించి, మా పైపుకు బెజ్జం పెట్టి, మురుగు పోయే మోరీ పక్క నుంచే గొట్టం లాగేస్తాడు. ఆ గొట్టం తుప్పు పడితే మోరీ నీళ్లు మా పైపులోకి వచ్చేస్తాయి. అందుకని ఆ సందులో కాలు పెట్టగానే నా కళ్లు కొత్తగా తవ్విన మట్టి కోసం, కొత్తగా తిరిగే మనుషుల కోసం వెతకడం మొదలుపెట్టాయి.

అక్కడ అనుమానించని వాళ్లు ఎవరూ లేరు. అపార్టుమెంటు వాళ్లు హాస్టలు వాళ్లే దొంగ మోటారు పెట్టారన్నారు. హాస్టలు వార్డెనమ్మ, ఎదురుగా కడుతున్న బిల్డింగు వాళ్లే ఏదో చేశారంది. బిల్డింగు వాచ్‌మన్, జిరాక్సు షాపతను పైపు పగలగొట్టాడన్నాడు. ఒకరి మాట ఒకరికి పడదు, అందరూ నా చెవిలోనే చెప్పేవాళ్లు. నేను అన్నీ రాసుకున్నాను. ఏదీ నమ్మలేదు, ఏదీ కొట్టెయ్యలేదు.

అప్పుడు కనిపించాడు ఆ మనిషి.

"మేడం, గా మనిషిని సూసిండ్రా? మూడు దినాలసంది గీ గల్లీలనే తిరుగుతుండు" అన్నాడు లైన్‌మన్, తల తిప్పకుండా, గొంతు తగ్గించి. "చేతిల గడ్డపార ఉంది. పని సేస్తలేడు. రోడ్డు మీద నిలవెడుతుండు, చెవి పెడుతుండు, పోతుండు."

చూశాను. యాభై దాటి ఉంటాయి. సిమెంటు మరకలు పడ్డ లుంగీ, తలకు తువాలు. మోరీ పక్కన గడ్డపార నిలబెట్టి, వంగి దాని కొసకు చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. అచ్చం మా లైన్‌మన్ చేసినట్టే.

మీరైతే ఏమనుకునేవాళ్లో తెలియదు, నా లెక్క మాత్రం తేలిపోయింది. వినడం వచ్చిందంటే లైన్లో పని చేసినవాడు. లైన్లో పని తెలిసి, మా డిపార్ట్‌మెంటు మనిషి కాకపోతే, దొంగ కనెక్షన్లు ఇచ్చేవాడు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

"ఏయ్, ఎవరయ్యా నువ్వు? ఇక్కడేం చేస్తున్నావు?" అని దగ్గరికి వెళ్లాను.

"ఏం లేదమ్మా, నీళ్ల సప్పుడు ఇంటున్న" అన్నాడు.

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికెవడో. నాకు ఆ సామెతే గుర్తొచ్చింది. "నీళ్ల చప్పుడు వినడానికి నీకు జీతం ఎవరిస్తున్నారు?" అన్నాను.

"జీతం కాదమ్మా. గా మోరి కింద పాత లైనుంది, గది..."

"మ్యాపులో అలాంటిదేం లేదు. ఇంకోసారి గడ్డపారతో కనిపిస్తే పోలీసుల్ని పిలుస్తాను" అన్నాను. అతను నా సంచీ వంకా, మెడలో కార్డు వంకా చూసి ఏదో చెప్పబోయి మానేసి వెళ్లిపోయాడు. చూశావా, గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నాడు అని లైన్‌మన్‌తో అన్నాను. నిజానికి అతను భుజాలేం తడుముకోలేదు. గడ్డపార భుజాన వేసుకున్నాడు, అంతే.

నాలుగు రోజుల తర్వాత మళ్లీ కనిపించాడు. ఈసారి గడ్డపార లేదు, చేతిలో స్టీలు టిఫిను డబ్బా, ఒక ప్లాస్టిక్ సీసా ఉన్నాయి. నీళ్లు వదిలిన వేళకే వచ్చి హాస్టలు ఎదురుగా నిలబడ్డాడు. ఆడపిల్లల హాస్టలు ముందు ఆ వేషంలో ఒక మగమనిషి నిలబడితే నా మనసు ఇంకెన్ని దారులు పట్టిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

"మళ్లీ వచ్చావా? ఇక్కడేం పని నీకు?"

"నా బిడ్డ గీ హాస్టల్లనే ఉంటది మేడం. కామెర్లైనయ్. దవాఖానల వేసినం. దాని బట్టలు తీస్కపోనీకె వచ్చిన."

నేను అతన్ని ఎగాదిగా చూశాను. ఆ హాస్టలు కిరాయి ఎంతో నాకు తెలుసు. గ్రూప్స్ కోచింగు ఫీజు ఎంతో కూడా తెలుసు. అబద్ధం ఆడినా అతికినట్టుండాలి అనుకున్నాను. ఐనా నేను జాగ్రత్తపరురాలిని కదా, ఊరికే కొట్టిపారెయ్యలేదు. తిన్నగా మెట్లెక్కి వార్డెనమ్మ దగ్గరికి వెళ్లి రిజిస్టరు చూపించమన్నాను. జబ్బుపడ్డ నలుగురి పేర్ల ఎదురుగా తండ్రి వృత్తి రాసి ఉంది. ఒకరు టీచరు, ఒకరికి కిరాణా షాపు, ఇద్దరు వ్యవసాయం. కూలీ గానీ మేస్త్రీ గానీ ఎవరూ లేరు. వార్డెనమ్మ కూడా అంది, "మా పిల్లలంతా మంచి కుటుంబాల నుంచి వచ్చినవాళ్లండీ" అని. మంచి కుటుంబం అంటే ఏమిటని ఆవిణ్ణి నేను అడగలేదు. నా మనసులో ఉన్న అర్థమే ఆవిడ మనసులోనూ ఉంది కాబట్టి అడగాల్సిన అవసరం కనిపించలేదు.

కిందికి వచ్చేసరికి అతను లేడు. పారిపోయాడు అనుకున్నాను. తర్వాత తెలిసిన సంగతి ఇది. పాలమూరులో ఎకరన్నర చేను ఉండి, వానలు లేనప్పుడు పట్నం వచ్చి కూలి పని చేసుకునే మనిషి, కూతురి ఫారంలో వృత్తి అన్నచోట వ్యవసాయం అనే రాయిస్తాడు. అది అబద్ధం కాదు. నేను అతని గురించి వార్డెనమ్మను అడిగాను, రిజిస్టరును అడిగాను, అంతకుముందు వాచ్‌మన్‌ని అడిగాను. ఎదురుగా నిలబడ్డ మనిషిని మాత్రం "మీదే ఊరు?" అని అడగలేదు. అలా ఒక్క మాట అడిగి ఉంటే ఆ వారం మిగిలేది.

ఆ వారంలో మేము రెండు చోట్ల తవ్వాం. ఏమీ దొరకలేదు. హాస్టల్లో ఇంకో పిల్లకు వాంతులు మొదలయ్యాయి.

ఆ రోజు పొద్దున నీళ్లు వదిలాం. నేను మొదటి శాంపిలు పట్టి వెనక్కి తిరిగేసరికి, లైన్‌మన్ అతని రెక్క పట్టుకుని తీసుకొస్తున్నాడు. ఈసారి గడ్డపారతో ఏకంగా రోడ్డు పొడిచాడు. సిమెంటు పెచ్చు లేచింది. రెడ్ హ్యాండెడ్‌గా దొరికాడన్న సంతోషం నాకు కలిగింది. అది సంతోషమే, దానికి వేరే పేరు పెట్టలేను.

"ఆఫీసుకు తీసుకెళ్లు అన్నా. ఇంజనీరు గారు వచ్చి కంప్లైంటు రాసిస్తారు, అప్పుడు పోలీసులకు అప్పగిద్దాం" అన్నాను.

చిక్కడపల్లిలో మా ఆఫీసంటే రెండు గదులు, ఒక స్టోరు, స్టోరు ముందు ఒక చెక్క బెంచీ. దాని మీద కూర్చోబెట్టాం. గడ్డపార స్టోరులో పెట్టించాను. ఫోను కూడా తీసుకున్నాను. నాకు ఆ అధికారం లేదు. ఎవరూ అడగలేదు, అతను కూడా అడగలేదు. నొక్కులుపడ్డ చిన్న బటన్ ఫోను. అతని వెనక ఏ కాంట్రాక్టరు ఉన్నాడో ఆ ఫోనుకే కాల్ వస్తుందని నా తెలివి.

"ఇంజినీర్ సారు వస్తడా మేడం?" అని అడిగాడు.

"వస్తారు. అందాకా కదలకు."

"సారు వస్తె నేను చెప్త. సారుకు సమజైతది" అని బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు. భయపడి కూర్చున్నాడని అప్పుడు అనుకున్నాను. నేను లేచి వెళ్తుంటే ఇంకోసారి అన్నాడు, "మేడం, జర దవాఖానకు పోయి వస్త, బిడ్డకు నీళ్లియ్యాలె." నేను ఆగకుండా బయటికి నడిచాను. బిడ్డ కథ మళ్లీ మొదలుపెట్టాడు అనుకున్నాను.

ఇంజనీరు గారు మీటింగులో ఉన్నారు, వస్తున్నానన్నారు. మేము మూడో చోట తవ్వడానికి సందులోకి వెళ్లిపోయాం. మనిషి అన్నవాడు ఎవడైనా నవ్వాల్సిన సంగతి ఇదే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికామన్నమాట. మురుగు ఎక్కడ కలుస్తోందో తెలిసిన ఒకే ఒక్క మనిషిని బెంచీ మీద కూర్చోబెట్టి, మేము ఎండలో రోడ్డు పగలగొట్టుకుంటూ కూర్చున్నాం.

పన్నెండింటికి ఆఫీసుకు వచ్చాను. నా సొరుగులో అతని ఫోను మోగుతోంది. తీసి చూస్తే పేరు లేదు, వట్టి నంబరు. పేరు కూడా దాచుకున్నాడంటే ఎంత గుట్టుగా నడుపుతున్నాడో అనిపించింది. అక్షరాలు రాని మనిషి ఫోనులో పేర్లు ఎలా రాసుకుంటాడని మాత్రం అనిపించలేదు. మోగి ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ మోగింది. అన్నం తింటుంటే మళ్లీ. ఒకటిన్నరకు నాలుగోసారి మోగింది. కాంట్రాక్టరు గొంతు వింటాను, పేరు రాబడతాను అనుకుని పచ్చ బటన్ నొక్కి, మాట్లాడకుండా చెవికి పెట్టుకున్నాను.

"నాయినా, యాడున్నవ్?" అంది ఒక ఆడపిల్ల గొంతు. నీరసంగా ఉంది. "పొద్దుగాల్నుంచి సూస్తున్న. కాగవెట్టిన నీళ్లు తెస్తనంటివి గద. గీడి నీళ్లు తాగబుద్ధైతలేదు నాకు. పక్క బెడ్డామె ఇస్తనంటుంది, నువ్వొస్తవని నేనే వద్దన్న. నాయినా? పలుకుతలేవేంది?"

ఫోను చెవి నుంచి తీసి నంబరు వంక చూసి, మళ్లీ చెవికి పెట్టుకున్నాను.

"నాయినా?" అంది మళ్లీ.

"అమ్మా, నేను... నీళ్ల డిపార్ట్‌మెంటు నుంచి మాట్లాడుతున్నాను" అన్నాను. "మీ నాన్నగారు ఇక్కడే ఉన్నారు. వచ్చేస్తారు. ఆవిడ ఇచ్చే నీళ్లు తాగు తల్లీ, ముందు తాగు."

"మా నాయినకేమన్న అయ్యిందా మేడం?"

"ఏం కాలేదమ్మా. బాగున్నారు."

ఆ ఆరేడు మాటలే, ఆ వ్యవహారం మొత్తంలో అతని తరఫు మనిషితో నేను మాట్లాడిన మొదటి మాటలు. అవి కూడా దొంగని పట్టుకుందామని మొదలుపెట్టినవి.

బెంచీ దగ్గరికి వెళ్లాను. అతను గోడకు ఆనుకుని, పొద్దున కూర్చున్నచోటే కూర్చున్నాడు. మంచినీళ్లు కూడా ఎవరూ ఇచ్చినట్టు లేదు. నీళ్ల ఆఫీసులో. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి" అన్నాను. నేనూ ఆ బెంచీ మీదే కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియక, వారం కింద అడగాల్సింది అప్పుడు అడిగాను. "మీదే ఊరన్నా?"

ఊరు చెప్పాడు. ఎకరన్నర చేను, బోరు ఎండిపోవడం, బర్కత్‌పుర దగ్గర కడుతున్న అపార్టుమెంటులో పని, అక్కడే రేకుల షెడ్డులో ఉండటం చెప్పాడు. నేను ఫోను అతని చేతిలో పెట్టి, కూతురు ఫోను చేసిందని, నేను మాట్లాడానని చెప్పాను. "నీళ్లు తాగిందా?" అని మాత్రం అడిగాడు.

తర్వాత పాత లైను సంగతి చెప్పాడు. పాతికేళ్ల కింద, కొత్తగా పెళ్లైన రోజుల్లో, మా డిపార్ట్‌మెంటుకే పని చేసే ఒక కాంట్రాక్టరు కింద ఆ సందు తవ్వింది అతనే. పాత పైపు పక్కనే, ఒకచోట దానికి కలిపి, కొత్త పైపు వేశారు. పాతదాన్ని రెండు వైపులా ఇనప మూతలు బిగించి మూసెయ్యాలి. ఒక వైపు మూత సైజు కుదరలేదు. చీకటి పడుతోంది, పొద్దున్నే రోడ్డు పూడ్చాలి. కాంట్రాక్టరు ఒక చెక్క బిరడా చెక్కించి, గోనెపట్టా చుట్టి కొట్టించి, పైన ఇంత సిమెంటు పాముకొమ్మన్నాడు.

"నేనే కొట్టిన మేడం గా బిరడా. నా సేతులతోనే" అన్నాడు. "కట్టె ఎన్నేండ్లుంటది? బిడ్డకు కామెర్లనంగనే నాకు గదే యాదికొచ్చింది. నీళ్లొచ్చినప్పుడు మోరి కింద గుడగుడ అంటుంది. గది పాత లైన్ల సప్పుడే. కానీ జాగ కచ్చితంగ సమజైతలేదు. ఇండ్లన్ని మారినయ్. గందుకే రోజు వచ్చి ఇంటున్న."

నా కూతురు తాగే నీళ్లలో విషం కలిపింది నేనేనేమో అని ఒక మనిషి రెండు వారాలుగా రోడ్డుకు చెవి పెట్టుకుని తిరుగుతుంటే, నేను అతనికి దొంగ అని పేరు పెట్టాను.

లైన్‌మన్ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. నోరు తెరిస్తే తిట్టే మనిషి ఆ పూట ఒక్క తిట్టూ తిట్టలేదు. స్టోరులోకి వెళ్లి గడ్డపార తెచ్చి అతని చేతికిచ్చి, "నడువన్న, సూపియ్యి" అన్నాడు.

సందులో అతను రెండు సార్లు ఆ చివరి నుంచి ఈ చివరకు నడిచాడు. అపార్టుమెంట్ల మధ్య ఒకే ఒక్క పాత ఇల్లు మిగిలి ఉంది, ముందు షాబాదు రాళ్ల మెట్లు. వాటిని చూసి ఆగాడు. అప్పుడు ఆ మెట్ల మీద కూర్చునే సద్దన్నం తిన్నారట. ఆ ఇంట్లో నా యాసలోనే మాట్లాడే ముసలామె ఒకావిడ వచ్చి, ఏ ఊరు, ఎందరు పిల్లలు అని అందర్నీ అడిగి ఆవకాయ వేసిందట. "గామె మాట్లాడింది కాబట్టి గీ మెట్లు యాదున్నయ్" అన్నాడు. మెట్ల దగ్గర నుంచి మోరీ వైపు ఏడడుగులు వేసి, అటూ ఇటూ చూసి, ఇంకో అర అడుగు జరిగి గడ్డపార దించాడు.

మూడడుగులు తవ్వేసరికి వాసన వచ్చింది. నాలుగో అడుగున పాత ఇనప పైపు మూతి కనిపించింది. అందులో బిరడా లేదు. నల్లగా చివికిన పీచు కొంచెం మిగిలి ఉంది, మోరీ నీళ్లు చక్కగా దారి చేసుకుని లోపలికి పోతున్నాయి. నీళ్లు వదిలినప్పుడు కొత్త పైపులోని ఒత్తిడి వాటిని నెట్టేది, ఆపెయ్యగానే లోపలికి లాక్కునేది. ఇదంతా మ్యాపులో లేదు. పాత ఫైళ్ల ప్రకారం ఆ లైను ఎప్పుడో మూసేశారు, సంతకాలు కూడా ఉన్నాయి.

నాలుగు గంటలకల్లా ఇనప మూత బిగించాం. కొలిచి తెచ్చిన మూతే. బోల్టు చివరి చుట్టు అతనే తిప్పుతానన్నాడు. మా లైన్‌మన్ స్పానరు ఇచ్చి పక్కకు జరిగాడు. ఇంజనీరు గారు అప్పుడే మీటింగు నుంచి వచ్చి, "అబ్బా, ఎలా కనిపెట్టారు మేడం?" అన్నారు. చెప్పాను. ఎలా కనిపెట్టామో చెప్పాను గానీ, ఎలా కనిపెట్టలేదో ఆ రోజు చెప్పడానికి నోరు రాలేదు. రిపోర్టులో అది రాసే గడి కూడా లేదు.

మరునాడు ఆ సందుకు మాత్రం నీళ్లు వదిలి కడిగించాక, నా గొట్టంలో పసుపు రంగు తిరిగింది. అయితే ఆ తర్వాత రెండు వారాల్లో హాస్టల్లో ఇంకో ఇద్దరు పిల్లలకు కామెర్లు తేలాయి. వాళ్లు తాగింది నేను పోగొట్టిన వారంలోని నీళ్లో, అంతకుముందు నీళ్లో ఏ డాక్టరూ చెప్పలేడు. నాకు నేను మాత్రం ఒకే జవాబు చెప్పుకుంటాను.

ఆ సాయంత్రానికి తిరిగి వస్తాను. మూత బిగించాక అతను చేతులు కడుక్కుని దవాఖానకు బయల్దేరాడు. నేనూ వస్తానన్నాను. వద్దనలేదు, రమ్మనలేదు. మా ఆఫీసు గ్యాసు పొయ్యి మీద నీళ్లు కాచి, చల్లార్చి, అతని ప్లాస్టిక్ సీసాలో నేనే పోశాను. ఆటోలో దారంతా క్షమాపణ మాటలు కూడబలుక్కున్నాను. ఒక్కటీ కుదరలేదు. నారాయణగూడ దాటాక, "అన్నా, నన్ను మనసులో పెట్టుకోకండి" అని మాత్రం అనగలిగాను. "గదేం లేదు మేడం" అన్నాడు, రోడ్డు వైపు చూస్తూ. ఆ మాటలో కోపం ఉందో లేదో నాకు తెలియలేదు. ఎంత అనుమానమున్నా మనుషుల్ని చదవడం నాకు రాదని అప్పటికే తేలిపోయింది.

వార్డులో ఆ అమ్మాయి మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. తలగడ కింద ఏదో గైడు పుస్తకం. తండ్రిని చూడగానే లేవబోయి, వెనక నన్ను చూసి ఆగింది. కోపం మాత్రం ఆపుకోలేకపోయింది.

"పొద్దంత యాడికి పోయినవ్ నాయినా? ఫోన్ల మీద ఫోన్లు చేసిన. ఎవరో మేడం ఎత్తింది. నాకెంత భయమైందో ఎరుకేనా నీకు?"

నేను ముందుకు జరిగాను. చెప్పాల్సింది నేనే, ఆ పిల్ల ముందే చెప్పాలి అనుకుని నోరు తెరిచాను.

అతను నాకంటే ముందే మంచం మీద కూర్చుని సీసా మూత తీశాడు.

"గీ మేడమే బిడ్డా. నీళ్ల ఆఫీసుల పెద్ద మేడం. పాత లైను సంగతి నాకెరుకని ఎవలో చెప్పిండ్రంట, పిలిపిచ్చింది. పక్కన కూసోవెట్టుకోని అన్ని అడిగింది. మనది ఏ ఊరు, ఎందరు పిల్లలు, నువ్వేం సదువుతున్నవ్, అన్ని. ఛాయ్ తాపిచ్చింది, అన్నం వెట్టిచ్చింది. మాటలల్ల పడి పొద్దే తెల్వలేదు నాకు."

ఆ అమ్మాయి మొహంలో కోపం కరిగిపోయింది. నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

"మా నాయినను ఎవరు గిట్ల కూసోవెట్టి మాట్లాడరు మేడం" అంది.

నేను తల ఊపాను.